ముందు పన్ను, పై స్వరం

జూన్ 3

బల్గేరియా దేశపు యాంబోల్ పట్టణ పౌరులకు, బంధుమిత్రులకు, ముఖ్యంగా క్లారినెట్ అభిమానులకు తీవ్ర విచారంతో తెలియజేయునది ఏమనగా: మించో గారి పై వరస ముందు పన్ను, ఎడమవైపుది, నిన్న వేసవి సినిమా హాల్లో, మూడో బెంచీ మీద, కథానాయిక రైలెక్కే ఘట్టంలో, పొద్దుతిరుగుడు గింజ కొరుకుతుండగా కదిలినది. ఇంకా కన్నుమూయలేదు. పూలు తేవలదు.

మా ఊళ్లో ఎవరైనా పోతే ఫొటో వేసి, చుట్టూ నల్లగీత గీసి, ఇలాంటి కాగితం ఇంటి తలుపుకీ కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. నా పన్నుకి రాసిన ఇది మాత్రం ఈ పుస్తకం దాటి వెళ్లదు. పోయినేడు మా డ్రమ్ముల జెల్యో పాత కారు చచ్చిపోతే దానికీ ఒకటి అచ్చు వేయించి వీధంతా అంటించాను. "కష్టజీవి, మితభాషి, పొగ విషయంలో మాత్రం ఉదారుడు" అని. ఇద్దరు ముసలమ్మలు పైన ఉన్న జెల్యో పేరు మాత్రం చూసుకుని, పోయింది అతనే అనుకుని, చావింటికి తీసుకెళ్లే ఉడికించిన గోధుమలు గిన్నెలో పెట్టుకుని వాళ్లింటికి పోయారు. తలుపు తీసింది జెల్యో. ఒకావిడ గిన్నె అక్కడే వదిలేసింది.

పన్ను సంగతి నా పెళ్లాం దోన్కాకి చెప్పలేదు. చెబితే పద డాక్టరు దగ్గరికి అంటుంది. జెల్యోకైతే అసలే తెలియకూడదు. పెళ్లిళ్లు ఒప్పుకునేదీ, బ్యాండులో ఎవరుండాలో ఎవరు పోవాలో చెప్పేదీ అతనే. పక్క పట్టణం స్లివెన్‌లో ఆసెన్ అనే క్లారినెట్టాయన ఖాళీగా ఉన్నాడని నెలకోసారి నా చెవిలో వేస్తుంటాడు. క్లారినెట్ మూతిని పై ముందు పళ్లతో అదిమి పట్టుకోవాలి. పట్టు వదులైతే కింది స్వరాలు పలుకుతాయి, పైవి పలకవు. పై స్వరం పలకని వాణ్ణి పెళ్లికి ఎవరు పిలుస్తారు?

పైగా ఆగస్టులో మమ్మల్ని సినిమాలో పెడతారట. పెళ్లి సీను. యాభై రెండేళ్లుగా తెర ముందు కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు తెర మీదికి ఎక్కబోతున్నాను. కాస్త ఆగవే పన్నా.

జూన్ 4

పెరట్లో వాయించి చూశాను. పై స్వరం రాలేదు. మూతికి కట్టే రెల్లు నాలుక, రీడు, బాగాలేదు.

జూన్ 5

కొత్త రీడు. ఇదీ బాగాలేదు. ఈమధ్య రీడులు చేసేవాళ్లకి శ్రద్ధ లేదు.

జూన్ 9

వచ్చింది!

పక్క ఊళ్లో పెళ్లి. పెళ్లికూతురు గడప దాటి వచ్చి పూలు వేసిన రాగి బిందెని కాలితో తన్నాలి, నీళ్లు వాకిలంతా పారాలి. సరిగ్గా ఆ తన్నుకి క్లారినెట్ మెట్టుమెట్టుగా ఎక్కి చిట్టచివరి స్వరం మీద నిలబడాలి. అది నిలబడితేనే ఆడవాళ్లు ఏడుస్తారు. ఆడవాళ్లు ఏడిస్తేనే పెళ్లి. పెళ్లికూతురు కాలు ఎత్తింది. నేను కళ్లు మూసుకుని ఊదాను. పన్ను లోపలికి ఒరిగింది, ప్రాణం పోయినంత పనైంది. కానీ స్వరం వచ్చింది. నిలబడింది కూడా. పెళ్లికూతురి మేనత్త గోడ పట్టుకుని ఏడ్చింది.

తర్వాత బల్ల దగ్గర జెల్యో నా వీపు మీద చరిచాడు. "ఏంట్రా మించో, పెళ్లికూతురిని అత్తారింటికి పంపుతావా, స్వర్గానికి పంపుతావా?"

"ముందు అత్తారింటికే అన్నా. అక్కడ వంట ఎట్లా ఉందో చూసి, తర్వాత రెండోది."

అందరూ నవ్వారు. అకార్డియన్ స్తామెన్ నవ్వలేదు. మామూలుగా వాడు వాయించేటప్పుడు నా మొహం చూస్తూ వాయిస్తాడు, చిన్నప్పట్నుంచీ అలవాటు. ఇవాళ వాయించినంతసేపూ తల వంచి గడ్డం అకార్డియన్‌కి రుద్దుకుంటూ కూర్చున్నాడు. "గడ్డం గీసుకోలేదా ఏంట్రా, దురదా?" అన్నాను. "చెమట" అన్నాడు.

రొట్టె మెత్తగా ఉందని నాలుగు ముక్కలు తిన్నాను. మాంసం ముట్టలేదు. ఎండలో మాంసం మంచిది కాదు.

జూన్ 12

పొద్దున్నే స్తామెన్ వచ్చాడు. కాఫీ తాగుతూ పాత ఇండియా సినిమా గుర్తు చేసుకున్నాం. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అది పాతబడదు.

అప్పుడు నాకు పదకొండు, వాడికి పదమూడు. పైకప్పు లేని వేసవి హాలు గోడెక్కి కూర్చుని చూసేవాళ్లం. అందులో తల్లి అంధురాలు, కొడుకులిద్దరూ చిన్నప్పుడే తప్పిపోతారు, చివరికి ఒక పాట విని ఒకరినొకరు గుర్తుపడతారు. యాంబోల్ మొత్తం ఏడ్చింది. గింజల పొట్టు కన్నీళ్లలో తడిసింది. మిలీషియా ఆఫీసరు, అంటే అప్పటి పోలీసాయన కూడా టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పాట మేం చెవితోనే పట్టేశాం. నేను ఏడో తరగతిలో బడి మానేసి స్తామెన్ వాళ్ల నాన్న బ్యాండులో చేరిన ఏడాది, ఆ పాటనే మా తాళంలోకి తిప్పి పెళ్లిలో వాయిస్తే జనం తెల్లబోయి, తర్వాత ఎగిరెగిరి ఆడారు. ఇప్పటికీ అది మా తాతల కాలం నాటి పాటే అనుకునేవాళ్లున్నారు. ఒక ప్రొఫెసరుగారు వచ్చి, ఈ పాట ఏ కొండప్రాంతంలో పుట్టిందని అడిగారు కూడా. బల్గేరియాకి బాగా తూర్పున అని చెప్పాను. రాసుకున్నారు.

ఆ సినిమాలో నన్ను పొడిచింది ఒక్కటే. హాల్లో మిషను తిప్పే ఆయన చెప్పాడు: "ఒరేయ్ వెర్రివాళ్లారా, పాడేది ఆ హీరో కాదు. వాడు నోరు తెరుస్తాడంతే. వెనక ఇంకొకాయన పాడతాడు. ఆ దేశంలో అంతే." నేను మూడు రోజులు అన్నం తినలేదు. మోసపోయాను కదా. స్తామెన్ మాత్రం భుజాలెగరేశాడు. "అయితే ఏంట్రా? వెనకాయన బాగా పాడాడు కదా. హీరో నోరు బాగా తెరిచాడు కదా. నువ్వు ఏడ్చావు కదా."

అప్పట్నుంచే నాకీ జబ్బు పట్టుకుంది. ఏ సినిమాలో ఎవడు ఏ వాద్యం పట్టుకున్నా వేళ్లు చూస్తాను. పాట పైన ఉంటుంది, వేళ్లు కింద తచ్చాడుతుంటాయి. "పైకి! పైకి ఎక్కవయ్యా!" అని హాల్లో అరుస్తాను. దోన్కా నాకు రెండు బెంచీలు అవతల కూర్చుంటుంది.

స్తామెన్ కొత్త అకార్డియన్ గురించి కూడా ఏడిపించాను. ఈస్టర్ ముందు కొన్నాడు. మీటల వరస ఒకటి కీల పక్కన, ఇంకోటి గడ్డం కింద. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు గడ్డంతో నొక్కొచ్చు. ఒక మీట నొక్కితే ఫ్లూటు, ఒకటి నొక్కితే ఆర్గను, ఒకదాని మీద క్లారినెట్ అని రాసి ఉంది.

"నీకింక నాతో పనేముందిరా, నన్ను పెట్టెలో పెట్టుకున్నావు కదా" అన్నాను.

"పేరు రాస్తే క్లారినెట్ అయిపోద్దా? జలుబు చేసిన మేక" అన్నాడు వాడు.

జూన్ 20

డాక్టర్ తోనేవా దగ్గరికి వెళ్లాను. దోన్కాకి రీడులు కొనడానికి పోతున్నానని చెప్పాను.

ఆవిడ వేలితో ఒకసారి కదిపింది, ఒకసారి ఫొటో తీసింది, చేతి తొడుగులు విప్పేసింది. డాక్టర్లు తొడుగులు తొందరగా విప్పేస్తే మంచిది కాదు.

"ఇది ఎప్పట్నుంచి కదులుతోందండీ?"

"సినిమాలో గింజ కొరికితే."

"గింజకి ఇట్లా అవదు. కింద చిగురు మొత్తం పోయింది. చీము పట్టింది. ఇది తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే పక్కది కూడా పోద్ది."

"డాక్టరమ్మా, నేను క్లారినెట్ వాయిస్తాను."

"పుండు మానాక పెట్టుడు పన్ను పెడతాను. దానితో వాయించేవాళ్లు ఉన్నారు."

"రేపట్నుంచే వాయిస్తారా?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. అది నాకు నచ్చలేదు. "చిన్నపిల్లాడు మళ్లీ నడక నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి. కొన్ని నెలలు పట్టుద్ది. కొందరికి రాదు కూడా. అబద్ధం చెప్పను."

"సినిమా అయ్యాక వస్తాను" అన్నాను.

"ఏ సినిమా?"

"నా సినిమా."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఈ ఊళ్లో ఎవరి పెళ్లయినా ఏదో ఒక కొసన నా క్లారినెట్ ఉంటుంది. నెలలు. కొందరికి రాదు కూడా.

జూన్ 21

నిన్న రాసిన డాక్టరమ్మ సంగతి ఉత్తదే. సరదాకి రాశాను. రీడులే కొనుక్కుని వచ్చాను.

జూన్ 28

శుభవార్త! శుభవార్త! సినిమా తీసే మేడమ్ వచ్చింది సోఫియా నుంచి. పేరు రలిత్సా, పొట్టి జుట్టు, సిగరెట్టు మీద సిగరెట్టు. కాఫీ కొట్టు ముందు బల్ల దగ్గర మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది: "పాట ముందే రికార్డు చేయించాం. పెద్ద పెట్టెల్లోంచి వినిపిస్తాం. మీరు దానికి తగ్గట్టు వేళ్లు కదిపితే చాలు. నిజంగా వాయించక్కర్లేదు."

జెల్యో మొహం నల్లబడింది. "అంటే ఇంకెవరో వాయించారా? మేం బొమ్మలమా?"

"అట్లా కాదండీ, సౌండు బాగా రావాలని..."

"మా సౌండుకేమైంది? ముప్పై ఊళ్లు ఏడ్చాయి మా సౌండుకి!"

"అన్నా, ఊరుకో" అన్నాను నేను. "మేడమ్ చెప్పింది సబబే. ఎండలో గంటలు గంటలు ఊదాలంటే మాటలా? పెద్ద పెద్ద నటులే నోరు తెరిచి ఊరుకుంటారు. మేడమ్, మీకో మాట ఇస్తాను. నా వేళ్లు మాత్రం ఒక్క స్వరం కూడా తప్పవు. సినిమా చరిత్రలో మొదటిసారి వేళ్లు సరిగ్గా ఉన్న క్లారినెట్టోణ్ణి చూపిస్తారు మీరు."

ఆమె నవ్వింది. జెల్యో గొణుక్కుంటూ లేచిపోయాడు. స్తామెన్ మాత్రం కప్పు కింద పెట్టకుండా నన్నే చూస్తున్నాడు.

"ఏంట్రా?"

"నీకు కోపం రాలేదేంటని."

"ఎందుకు రావాలి?"

"ఇండియా హీరో పాడట్లేదని మూడు రోజులు తిండి మానేసినోడివి. ఇవాళ నిన్నే నోరు తెరవమంటే గంతులేస్తున్నావు."

"పెద్దవాణ్ణయ్యానురా" అన్నాను.

జూలై 6

దిగువ ఊళ్లో పెళ్లి. వచ్చింది.

కుడివైపు పళ్లతో పట్టుకుని ఊదాను, నొప్పి తక్కువ. బిందె తన్నేటప్పటికి ఊపిరి తగ్గించాను కూడా. అయినా వచ్చింది. కొంచెం ఎడమవైపు నుంచి వచ్చినట్టుంది. గోడలకి తగిలి అట్లా వినిపిస్తుంది.

నాకు ఎడమవైపు నిలబడేది స్తామెన్.

గోడలే.

జూలై 8

దోన్కా పెరుగులో దోసకాయ కోరి చల్లటి చారు చేసింది. మూడో గిన్నె తాగాను.

"ఏమయ్యా, వారం నుంచీ చారు, పెరుగు, నానబెట్టిన రొట్టె. గింజలు మానేశావు. నీకు పుట్టబోయేది మగపిల్లాడా ఆడపిల్లా?"

"కవలలు" అన్నాను. "పేర్లు ఆలోచించు."

నవ్వింది గానీ గిన్నెలు కడుగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

జూలై 15

వేసవి హాల్లో కొత్త సినిమా. ఒక ఓడలో బ్యాండు. తెల్లకోటు వేసుకున్న క్లారినెట్టోడు పై స్వరం ఊదుతున్నాడు, వేళ్లతో రంధ్రాలన్నీ మూసి కింది స్వరం పట్టుకుని కూర్చున్నాడు. అంత ఘోరం నేను ఎప్పుడూ చూడలేదు. అరవలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. వాడి నోట్లో కూడా ఏమైనా కదులుతోందేమో, ఎవరికి తెలుసు?

దోన్కా రెండు బెంచీలు దాటి వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరమేమో అని.

జూలై 22

ఇదేం ఖర్మ.

మేడమ్ మళ్లీ వచ్చింది. ఇంకో ఊళ్లో ఎవరితోనో అట్లాగే ఉత్తుత్తిగా వాయింపించి చూసిందట. "మొహాలు చచ్చిపోతున్నాయండీ. నిజంగా ఊదితే మెడ దగ్గర నరం ఉబ్బుద్ది చూడండి, అది రావట్లేదు. రికార్డు పక్కన పడేశాను. మీరే నిజంగా వాయించండి. ఒక్కొక్కరికీ ఒక్కో మైకు పెడతాను. ఆగస్టు రెండున."

జెల్యో లేచి ఆమెని ముద్దు పెట్టుకున్నాడు. అందరికీ రకియా సారా తెప్పించాడు. నా గ్లాసు నా ముందు అట్లాగే ఉంది.

నాకు ఏం పుట్టిందో తెలీదు, చెప్పేశాను. "నేను ఊదలేను. నా ముందు పన్ను ఊడిపోతోంది. పై స్వరం రావట్లేదు."

జెల్యో బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. "వచ్చాడండీ! పోయినేడు నా కారుకి తద్దినం, ఇవాళ వాడి పన్నుకి! మేడమ్, వీడి మాట నమ్మకండి. మొన్నామధ్య కూడా దిగువ ఊళ్లో ఈ పన్నుతోనే ఆకాశానికి రంధ్రం పెట్టాడు."

మేడమ్ కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇంకేం చేస్తాను? కాఫీ కొట్టాయన లోపలి నుంచి "పూలదండ నేను కొంటాను" అని అరిచాడు.

స్తామెన్ నవ్వలేదు. లేచి, నా గ్లాసు తీసుకుని వాడే తాగేశాడు.

జూలై 23

ఎడమ చెంప వాచింది. దోన్కాకి కందిరీగ కుట్టిందని చెప్పాను.

జూలై 30

ఊదలేదు. ఎల్లుండి దాటాక అవతలి రోజు. అంతే కదా. ఒక్క స్వరం. జీవితంలో కొన్ని వేలసార్లు ఊదిన స్వరం. అది నన్ను మర్చిపోదు.

ఆగస్టు 2

షూటింగు అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఊరి చివర పాత ఇంటి వాకిలి. నటి పెళ్లికూతురి బట్టల్లో గడప మీద నిలబడింది, ముందు రాగి బిందె. మా ముగ్గురి కాలర్లకీ గింజంత మైకులు తగిలించారు. సౌండతను చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడు. మేడమ్ చెయ్యి ఊపింది. వాయించాం. ఎక్కాను, ఎక్కాను, నటి కాలు ఎత్తింది, పై స్వరం నిలబడింది. బిందె దొర్లింది. నీళ్లు పారాయి. అందరూ చప్పట్లు.

సౌండతను డిప్పలు తీశాడు. "మేడమ్, ఒక్క విషయం. ఆ చివరి స్వరం క్లారినెట్ మైకులో లేదండి. అకార్డియన్ మైకులో ఉంది."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గడ్డం కింద మీట.

అప్పుడు నేను ముందుకొచ్చాను. టోపీ తీశాను. "మిత్రులారా," అన్నాను, "ఆ స్వరం నాది కాదు. ఇన్నాళ్లూ నా పన్ను పోతే, నా స్నేహితుడు తన గడ్డంతో నా పరువు కాపాడాడు. మీరు చప్పట్లు కొట్టాల్సింది నాకు కాదు, ఈ మనిషికి." మేడమ్ కళ్లు తుడుచుకుంది. జెల్యో వచ్చి నన్నూ స్తామెన్‌నీ కలిపి కౌగిలించుకున్నాడు. నటి తన తలలో పువ్వు తీసి స్తామెన్ జేబులో పెట్టింది. "నీలాంటి మగవాడు..." అంది.

చాలా గొప్పగా జరిగింది.

ఆగస్టు 3

నిన్న రాసింది మళ్లీ చదివాను. బాగుంది. సినిమాలా ఉంది.

ఆగస్టు 9

దూది నోట్లో పెట్టుకుని రాస్తున్నాను. పన్ను తీసేశారు. స్తామెన్ కారులో తీసుకెళ్లాడు, బయట కూర్చున్నాడు, తిరిగి తీసుకొచ్చాడు. పన్ను కాగితంలో చుట్టి ఇచ్చింది డాక్టరమ్మ. ఇంతేనా అనిపించింది.

నోరు కదపడానికి లేదు కాబట్టి ఇవాళ అబద్ధాలకి కూడా ఓపిక లేదు.

సౌండతను అన్నంతవరకూ నిజమే. తర్వాత నేను ముందుకు రాలేదు. టోపీ తియ్యలేదు. అందరూ నా వైపు తిరిగారు, నేను ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. యాభై రెండేళ్లలో మొదటిసారి ఒక్కటీ దొరకలేదు. స్తామెన్ లేచాడు. "నా తప్పే మేడమ్. గడ్డం మీటకి తగిలింది. వయసు మీద పడుతోంది."

"బుర్రుందా నీకు?" అని జెల్యో ఇంత ఎత్తున లేచాడు. "సినిమారా ఇది, మీ అత్తారింటి పెరడు కాదు! ఆ కొత్త పెట్టె కొనేటప్పుడే చెప్పాను, పియానో మీద ఆవుని కూర్చోబెట్టినట్టుంటుందని! ఇంతమందిని ఎండలో నిలబెట్టి... నీ మూలంగా..." నటి, లైట్లు పట్టుకునేవాళ్లు, చూడ్డానికొచ్చిన సగం ఊరు, అందరూ వింటున్నారు. తప్పు వాయించాడని స్తామెన్‌ని ఎవరైనా అనడం నేనెప్పుడూ వినలేదు. వాడు తల వంచుకుని చెమట తుడుచుకున్నాడు. నేను క్లారినెట్ గుడ్డతో తుడుస్తూ, గొట్టం లోపలికి చూస్తూ నిలబడ్డాను. లోపల ఏదో సినిమా ఆడుతున్నట్టు.

రెండోసారి. స్తామెన్ గడ్డం పైకెత్తి పెట్టాడు, మంగలి ముందు కూర్చున్నట్టు. మీట తాకట్లేదని అందరికీ కనబడేలా. నాకు మాత్రం ఇక నన్ను కాసే గడ్డం లేదని కనబడింది. ఊదాను. గొట్టంలోంచి బాతు అరిచింది. మూడోసారి. మళ్లీ బాతు. నటి నవ్వాపుకోలేక బిందె తన్నడం మర్చిపోయింది.

"పన్ను" అన్నాను.

"మొదలెట్టాడు" అన్నాడు జెల్యో.

ఎవరూ నమ్మలేదు. నా మాట ఎవరైనా ఎందుకు నమ్మాలి? పై పెదవి వేలితో ఎత్తి, ఇంకో వేలితో పన్నుని ముందుకీ వెనక్కీ కదిపి చూపించాను. కొంచెం రక్తం వచ్చింది. నటి మొహం తిప్పేసుకుంది. అప్పుడు నమ్మారు. చప్పట్లు లేవు, కౌగిలింతలు లేవు. జెల్యో డ్రమ్ము పుల్లలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొన్న కాఫీ కొట్టు దగ్గర బల్ల గుద్దిన చేతుల్ని చూసుకుంటున్నాడో, ఏమో. తర్వాత "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు. వెంటనే "చెప్పావులే" అన్నాడు.

మేడమ్ వచ్చి నెమ్మదిగా అడిగింది, పై స్వరం స్తామెన్ వాయిస్తాడు, మీరు ఊదుతున్నట్టు ఉంటారా అని. ఉన్నాను. మెడ దగ్గర నరం ఉబ్బేలా ఊపిరి బిగబట్టాను. సినిమాలో ఆ స్వరం దగ్గర నా మొహం పెద్దగా చూపిస్తారట. చివరికి నేనూ ఇండియా హీరోనయ్యాను. ఒక్కటి మాత్రం. నా వేళ్లు సరిగ్గా ఆ స్వరం మీదే ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ హాల్లో ఎవడు చూసినా, "పైకి ఎక్కవయ్యా" అని మాత్రం అరవలేడు.

సెప్టెంబరు పెళ్లిళ్లకి ఆసెన్ వస్తున్నాడు. జెల్యో ఇంటికొచ్చి చెప్పాడు, వాకిట్లోనే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని. "పుండు మానేదాకేరా" అన్నాడు. మానేదాకా అని నేనూ అన్నాను.

ఇవాళ కారులో నోట్లో దూదితోనే అడిగాను. "ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ తర్వాత పెళ్లి నుంచి" అన్నాడు స్తామెన్ రోడ్డు చూస్తూ. "కొత్త పెట్టె కదా, మీట నొక్కి చూద్దామనుకున్నా. నువ్వు అప్పుడే జారావు. నొక్కేశా."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

దూది సర్దుకుని, "ఆసెన్‌కి కూడా గడ్డం పెడతావా?" అన్నాను.

"వాడికి పళ్లున్నాయి" అన్నాడు.

ఇంట్లో దోన్కా చారు పెట్టింది. కందిరీగ కుట్టిన రోజే తనకి తెలుసట. ఎవరూ నన్ను ఏమీ అడగరు, అందరికీ అన్నీ తెలుసు. ఇలాంటి ఊళ్లో జోకులు వేసి బతకడం కష్టం.

ఇక ఇది ఒప్పుకుని మూసేస్తాను. నటి పువ్వు ఇవ్వలేదు. ముసలమ్మ గిన్నె వదిలెయ్యలేదు, జెల్యో చేతిలో పెట్టి "నీకే కదా, తిను" అని వెళ్లింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం నిజం, వెళ్లలేదని రాసిందే ఉత్తది. గింజ లేదు, మూడో బెంచీ లేదు, రైలెక్కే కథానాయిక లేదు. పన్ను ఈస్టర్‌కి ముందు నుంచే కదులుతోంది, నాకు తెలుసు. రీడులన్నీ మంచివే. దిగువ ఊరి పెళ్లిలో వచ్చిన పై స్వరం నాది కాదు, అది గోడలదీ కాదు, ఆ రోజే నాకు అర్థమైంది. పక్క ఊరి పెళ్లిలోదీ నాది కాదు. అది మాత్రం నాదే అనుకున్నాను. అలా అనుకోవడం కల్పించింది కాదు.